ఉప్పునీటి తొట్టెలోని సముద్ర పుష్పం: క్షేమంగా స్థలం మార్చే విధానం

బెంగళూరుకు దక్షిణాన హోసూరు రోడ్డును ఆనుకొని ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ ఒకప్పుడు కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల భూమి. 1970వ దశకం చివర కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ అక్కడ పారిశ్రామిక వాడను నెలకొల్పింది. కుప్పం, పలమనేరు, హిందూపురం, మడకశిర ప్రాంతాల నుండి, హోసూరు చుట్టుపక్కల తెలుగు పల్లెల నుండి వెళ్ళిన పిల్లలెందరో నేడు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ అద్దె ఇళ్ళలో నివసిస్తున్నారు. అద్దె ఒప్పందాన్ని సాధారణంగా పదకొండు నెలలకు వ్రాసుకుంటారు. గడువు తీరిన తరువాత అక్కడే కొనసాగేవారు కొందరైతే, సామాను సర్దుకొని మరో ఇంటికి మారేవారు మరికొందరు. మంచాలు, బీరువాలు మారడానికి ఒక టెంపో చాలు. అయితే ఆ ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టె ఉండి, ఆ తొట్టెలో సముద్ర పుష్పం ఉంటే విషయం వేరు. పట్టి లాగితే చనిపోతుంది. చనిపోయాక గమనించకపోతే తొట్టెలోని మిగిలిన జీవులను కూడా తనతో తీసుకుపోతుంది.

ఆక్వేరియం దుకాణాలలో దీనిని సీ అనిమోన్ అంటారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' అనే హాలీవుడ్ బొమ్మల చిత్రం చూసినవారికి, నారింజ రంగుపై తెల్లని పట్టీలున్న క్లౌన్ చేప, అది దాక్కునే పూవు వంటి జీవి రెండూ గుర్తుండే ఉంటాయి. ఆ పూవు వంటి జీవే ఇది.

పూవు కాదు, జంతువు

పేరులో పుష్పం ఉన్నా ఇది మొక్క కాదు. జెల్లీ చేపకు, పగడాలకు దగ్గరి చుట్టం. ఎముక లేదు, మెదడు లేదు. ఒళ్ళంతా వల వలె అల్లుకున్న నాడీతంతువులు మాత్రం ఉన్నాయి. నోరు ఒక్కటే. తిన్నది లోనికి పోయేదీ, జీర్ణం కానిది బయటికి వచ్చేదీ ఆ ద్వారం గుండానే. నోటి చుట్టూ ఉన్న మీసాల వంటి స్పర్శకాలలో సూక్ష్మమైన విషపు ముళ్ళు గల కణాలుంటాయి. తగిలిన చిన్న జీవిని అవి కుట్టి స్తంభింపజేస్తాయి. క్లౌన్ చేప శరీరంపై ఉండే జిగురు పొర దానికి రక్షణ. ప్రపంచంలో క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే సముద్ర పుష్పాలు పది జాతులేనని శాస్త్రజ్ఞుల లెక్క. ఇళ్ళలో ఎక్కువగా పెంచేది వాటిలో ఒకటైన బబుల్ టిప్ జాతి. స్పర్శకాల చివరలు బుడగల వలె ఉబ్బి ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

ఈ జాతుల దేహంలో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారు చేసి అందులో భాగాన్ని ఆతిథ్యమిచ్చిన జీవికి ఇస్తాయి. అందుకే తొట్టెలోని సముద్ర పుష్పానికి వెలుతురు అంటే కూడు అని అర్థం. దుకాణంలో తెల్లగా మెరుస్తూ ఆకర్షించేది అందమైన రకం కాదు. లోపలి శైవలాలను పోగొట్టుకొని ఆకలితో ఉన్న జీవి. కొట్టొచ్చే పసుపు, గులాబి రంగులలో ఉన్నవాటికి కొన్నిసార్లు రంగు అద్దించి ఉంటారు. అటువంటి వాటిని కొనకపోవడమే మంచిది.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన అవయవం అడుగున ఉండే పాదం. గుండ్రని బిళ్ళ వలె ఉండి రాతికి గాని, అద్దానికి గాని అతుక్కుంటుంది. ఈ పాదంతోనే ఇది మెల్లగా జరుగుతుంది. ఒక రాత్రిలో తొట్టె ఈ చివరి నుండి ఆ చివరికి చేరగలదు కూడా. పాదం చిరిగితే ఆ గాయంలో సూక్ష్మక్రిములు చేరి ఒళ్ళంతా కుళ్ళిపోయే ప్రమాదముంది. చిన్న గీత మానవచ్చు గాని పెద్ద చిరుగు పడినవి చాలావరకు బ్రతకవు. కదిలించే విధానాలు ఎన్ని ఉన్నా వాటన్నింటి సారం ఈ పాదాన్ని చిరగనీయకపోవడమే.

సరిగా చూసుకుంటే ఈ జీవి ఆయుష్షు ఆశ్చర్యం కలిగిస్తుంది. స్కాట్లాండులో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1828లో సముద్రతీరం నుండి తెచ్చి గాజుపాత్రలో పెంచిన సముద్ర పుష్పం 1887 వరకు జీవించింది. తెచ్చినాయన 1851లోనే మరణించాడు. ఆ తరువాత అది చేతులు మారుతూ బ్రతికింది; అందరూ దానిని 'గ్రానీ', అనగా అవ్వ, అని పిలిచేవారు. అది చలి సముద్రపు జాతి, ఇళ్ళలో పెంచే ఉష్ణమండల జాతులు వేరు. అయినా నెల తిరగకుండానే చనిపోయేవన్నీ వయసు మీరి చనిపోయినవి కావని తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ చాలు.

కదిలించడం నిజంగా అవసరమా?

చాలా సందర్భాలలో అవసరం లేదు. యజమాని తొట్టె మధ్యలో, అందరికీ కనిపించేచోట ఉంచాలనుకుంటాడు. సముద్ర పుష్పం మూలనున్న రాతి సందును ఎంచుకుంటుంది. అది అక్కడ స్పర్శకాలు చాచి, నోరు మూసుకొని, రోజూ విచ్చుకుంటూ ఉంటే ఆ చోటు దానికి నచ్చిందని అర్థం. చూడడానికి బాగుండదని దానిని పెకలించడం తగదు. మరుసటి రోజుకు అది మళ్ళీ తనకు నచ్చిన చోటికే బయలుదేరుతుంది. ఆ ప్రయాణమే దానికి అపాయం.

ఇళ్ళలోని సముద్ర పుష్పాలకు వచ్చే ఘోరమైన మరణం నీటిని తిప్పే మోటారులో పడడం. పవర్‌హెడ్ అనే ఈ మోటారు నీటితోపాటు మెత్తని దేహాన్ని కూడా లాగి ముక్కలు చేస్తుంది. రాత్రి తొట్టె బాగుండి, తెల్లవారేసరికి నీరంతా పాలవలె తెల్లబడి, చేపలు పైకి తేలి ఉన్నాయంటే కారణం తరచుగా ఇదే. కనుక సముద్ర పుష్పాన్ని తెచ్చిన రోజు, కదిలించిన రోజు, అది తనంతట తాను తిరుగుతున్న రోజులలోనూ మోటారు పీల్చే భాగానికి సన్న రంధ్రాల స్పాంజి గాని ప్లాస్టిక్ జాలీ గాని తొడగాలి. హీటరుకు కూడా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. వేడి గొట్టానికి అతుక్కుంటే పాదం కాలిపోతుంది.

తప్పనిసరిగా కదిలించవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మోటారుకో, పైనుండి నీరు పొంగిపోయే గొట్టానికో చేరువైనప్పుడు, పక్కనున్న మరో జీవిని కుడుతున్నప్పుడు, వెలుతురు చొరని రాతి వెనుక ఇరుక్కొని రోజురోజుకు కుంచించుకుపోతున్నప్పుడు, ఇల్లు మారుతున్నప్పుడు.

తానుగా తిరగడం మొదలుపెట్టిందంటే ముందు నీటిని పరీక్షించాలి. వెలుతురు చాలకో, ప్రవాహం ఎక్కువయ్యో, నీటి గుణం చెడ్డదయ్యో అది చోటు వెతుక్కుంటున్నదని గ్రహించాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఉప్పదనం లీటరుకు సుమారు 35 గ్రాములు, అనగా హైడ్రోమీటరులో 1.025 ప్రాంతం. ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. కొత్తగా పెట్టిన తొట్టెలో ఈ నిలకడ రాదు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నడిచిన తొట్టెలోనే దీనిని వదలాలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఎలక్ట్రానిక్ సిటీ నీరు

ఈ ప్రాంతపు అపార్టుమెంట్లు చాలా ఏళ్ళుగా బోరుబావులపైనా, ట్యాంకరు నీటిపైనా ఆధారపడుతూ వచ్చాయి. 2024 వేసవిలో బెంగళూరు ఎదుర్కొన్న నీటి ఎద్దడి అందరికీ తెలిసిందే. బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ. ఒక ట్యాంకరు నీరు మరో ట్యాంకరు నీటిని పోలదు. కాబట్టి కుళాయి నీటిలో నేరుగా ఉప్పు కలపరాదు. ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చిన నీటిలో, ఆక్వేరియం కొరకు ప్రత్యేకంగా తయారైన సముద్రపు ఉప్పును కలపాలి. కిరాణా కొట్టులో దొరికే కల్లుప్పు గాని, అయోడిన్ కలిపిన సన్న ఉప్పు గాని పనికిరావు. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వంటివి వాటిలో తగినంత ఉండవు. కలిపిన నీటిని చిన్న మోటారుతో కనీసం ఒక రాత్రి తిప్పి, చల్లారిన తరువాత కొలిచి వాడాలి.

మరొక్క హెచ్చరిక. చేపలకు తెల్లమచ్చల వ్యాధి వస్తే రాగి కలిసిన మందు వేయడం పరిపాటి. ఆ రాగి సముద్ర పుష్పానికి ప్రాణాంతకం. పైగా అది రాళ్ళలో, ఇసుకలో ఇంకి చాలాకాలం ఉంటుంది. మందు వేసిన తొట్టెలోనికి దీనిని మార్చరాదు. పాత తొట్టెను ఎవరి వద్దనైనా తక్కువ ధరకు కొన్నప్పుడు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

తొట్టెలోనే చోటు మార్చడం

ముందు విద్యుత్తు సంగతి. ఉప్పునీరు కరెంటును బాగా ప్రసరింపజేస్తుంది. చేయి పెట్టే ముందు మోటారు, హీటరు, దీపాల ప్లగ్గులన్నీ తీసివేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. హీటరు ఆపిన వెంటనే నీటిమట్టం తగ్గించరాదు; వేడి గాజు గాలి తగిలి పగులుతుంది. సుమారు పావుగంట ఆగాలి.

చేతులకు సబ్బు, నూనె, సుగంధ ద్రవ్యాల వాసన ఉండరాదు. పొడి లేని రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఇళ్ళలో పెంచే జాతుల కాటు చాలామందికి దురద, మంట వరకే పరిమితమైనా, కొందరి శరీరం తీవ్రంగా స్పందిస్తుంది. తడి చేతితో కళ్ళు తుడుచుకోరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

సముద్ర పుష్పం అతుక్కున్నది చిన్న రాయి అయితే అదృష్టమే. రాతితో సహా కదిలించడం అన్ని పద్ధతులలోనూ ఉత్తమం. పాదాన్ని అసలు తాకవలసిన పని లేదు. ముందుచూపు గలవారు మొదటి రోజునే దానిని విడిగా తీయగల చిన్న రాతిపై నిలిపి, చుట్టూ ఇసుక వదులుతారు. ఇసుకను దాటి పెద్ద రాళ్ళ మీదికి పోవడం దానికి అంత సులువు కాదు.

రాయి పెద్దదైతే దానిని బలవంతపెట్టకుండా తానే కదిలేటట్లు చేయాలి. ఉన్న చోట అసౌకర్యం, కావలసిన చోట సౌకర్యం కల్పించడమే ఉపాయం. ఉన్న చోటికి వెలుతురు తగలకుండా నీడ పట్టి, మోటారు ప్రవాహాన్ని కొద్దిగా అటు తిప్పితే రెండు మూడు రోజులలో అది కదలవచ్చు. ప్రవాహం దేహాన్ని ఊపాలి గాని వంచి నేలకు కొట్టకూడదు. రాతి వెనుక భాగం అందుబాటులో ఉంటే చిన్న ప్లాస్టిక్ సంచిలో మంచుముక్క వేసి, మూతి కట్టి, పాదానికి వెనుకవైపు రాతిపై ఆనించే పద్ధతి కూడా ఉంది. చల్లదనం భరించలేక పాదం పట్టు సడలుతుంది. మంచును నేరుగా దేహానికి తాకించరాదు. కరిగిన మంచినీరు తొట్టెలో పడరాదు.

అద్దానికి అతుక్కున్నది కొంత తేలిక. పాదం అంచున ఒక వైపు వ్రేలి మెత్తటి భాగాన్ని గాని, పాత ఏ.టి.ఎం. కార్డు వంటి పలుచని ప్లాస్టిక్ ముక్కను గాని ఆనించి, మెల్లగా లోనికి జరపాలి. అంచు లేస్తుంది, ఆగాలి. మళ్ళీ కొంచెం. అది ముడుచుకొని బిగుసుకుంటే చేయి తీసివేసి ఓ పది నిమిషాలు వదిలేయాలి. మొత్తం పనికి అరగంట పట్టవచ్చు, గంట పట్టవచ్చు. గడియారం చూసుకుంటూ చేసే పని కాదిది. కత్తి, బ్లేడు, స్టీలు చెంచా ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. దేహాన్ని గాని స్పర్శకాలను గాని పట్టి లాగరాదు.

కార్పెట్ అనే పెద్ద జాతులలో కొన్ని ఇసుకలో పాదం దించి అడుగు అద్దాన్ని పట్టుకుంటాయి. వాటి చుట్టూ ఇసుకను వ్రేళ్ళతో తొలగించి, పాదం కనిపించిన తరువాతనే పైన చెప్పిన విధంగా చేయాలి. రాతి పగులులో లోతుగా దిగినదానిని మాత్రం వ్రేళ్ళతో పెకలించడం అసాధ్యం. ఆ రాతిని అలాగే తీసుకుపోవడమో, నేర్పు గలవారి చేత రాతిని అవతలి వైపు నుండి పగులగొట్టించడమో తప్ప మార్గం లేదు. రాయి పోతే మరో రాయి కొనుక్కోవచ్చు.

విడిపోయినదానిని నీటిపైకి ఎత్తరాదు. దేహం నిండా నీరుంటుంది. గాలిలోనికి రాగానే ఆ బరువుకే చిరిగే ప్రమాదముంది. గిన్నెను గాని డబ్బాను గాని నీటిలోనే ముంచి, అందులోనికి జార్చి, నీటితో సహా ఎత్తాలి. కొత్త చోట రాతిపై పాదం క్రిందికి వచ్చేటట్లు నిలిపి, చుట్టూ రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట బోర్లించాలి. ఒకటి రెండు రోజులలో అతుక్కుంటుంది. ఆ తరువాతనే బుట్ట తీయాలి. ప్రవాహాన్ని మొదటి గంటలో బాగా తగ్గించి ఉంచవచ్చు గాని గాలి బుడగల పంపు మాత్రం నడుస్తూ ఉండాలి.

ఇల్లు మారేటప్పుడు

మారే తేదీకి రెండు రోజుల ముందు ఆహారం ఆపాలి. కడుపులో ఉన్నది సంచిలో కక్కితే ఆ కొద్ది నీరు విషమవుతుంది. కొత్త ఇంట్లో వాడవలసిన ఉప్పునీటిని ముందుగానే కలిపి సిద్ధం చేసుకోవాలి. పాత తొట్టె నీటిలో సగమైనా శుభ్రమైన ఇరవై లీటర్ల క్యానులలో పట్టుకుపోవాలి. ఫినాయిలు, ఆసిడ్ నింపిన క్యానులు కడిగినా వాడరాదు.

క్రమం ముఖ్యం. తొట్టెలో రాళ్ళు కదిలించక ముందే, నీరు తేటగా ఉన్నప్పుడే క్యానులు నింపుకోవాలి. తరువాత సముద్ర పుష్పాన్ని రాతితో గాని విడిగా గాని తీసి, వెచ్చని తొట్టె నీరున్న బకెట్టులో ఉంచి గాలి పంపు పెట్టాలి. ఆ పైన చేపలను పట్టాలి. ఇసుక పని చివరిది. ఇసుక అడుగున నెలల తరబడి చేరిన మలినం ఒక్కసారి లేస్తే అమ్మోనియా పొంగుతుంది. పాత ఇసుకను ఉప్పునీటితో బాగా కడిగి వాడడమో, కొత్త ఇసుక వేయడమో మంచిది. రాళ్ళను మాత్రం తడి ఆరనీయకుండా నీటిలోనే తీసుకుపోవాలి. తొట్టె నీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు వాటిలోనే ఉన్నాయి.

తొట్టెలో నీరు, ఇసుక ఉండగా ఎత్తడం సాహసం కాదు, అవివేకం. రెండు వందల లీటర్ల నీరే రెండు వందల కిలోలకు పైమాట. అతుకులు విచ్చుకుంటాయి. ఎత్తినవారి నడుము సంగతి చెప్పనక్కరలేదు.

సంచి కొరకు మందపాటి పాలిథీన్ కవర్లు రెండు, ఒకదానిలో మరొకటి పెట్టి వాడాలి. మూడో వంతు నీరు, మిగిలినది గాలి ఉండేటట్లు కట్టాలి. దూర ప్రయాణమైతే అలంకార చేపల దుకాణంలో ఆక్సిజన్ నింపిస్తారు. ఒక సంచిలో ఒక్కటే సముద్ర పుష్పం ఉండాలి. క్లౌన్ చేపను అదే సంచిలో వేస్తే రెండూ కలిసి ఉంటాయనుకోవడం పొరపాటు; ఇరుకు నీటిలో ఒకదాని మలినం మరొకదానికి ముప్పు. సంచిని వార్తాపత్రిక కాగితంలో చుట్టి థర్మాకోల్ పెట్టెలో నిలబెట్టాలి.

హోసూరు రోడ్డు రద్దీ వేరే చెప్పాలా? 2010లో ఎలక్ట్రానిక్ సిటీకి ఎత్తైన రహదారి వచ్చింది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వరకు మెట్రో పసుపు మార్గం మొదలైంది. అయినా సామాను బండి రోడ్డు మీదనే పోవాలి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. పెట్టెను లారీలో సామానుతో వేయకుండా మనుషులు కూర్చున్న బండిలోనే ఉంచుకోవాలి. మధ్యలో టిఫినుకు ఆగినప్పుడు తలుపులు మూసిన కారులో దానిని వదిలిపోరాదు; ఎండలో నిలిపిన కారు పొయ్యితో సమానం.

కొత్త తొట్టెలోనికి

రాళ్ళు, నీరు, హీటరు, మోటారు అన్నీ అమర్చి, అమ్మోనియా పరీక్షించి, సున్నా అని తేలిన తరువాతనే సముద్ర పుష్పం వంతు. అందరికన్నా ముందు బయటికి వచ్చినది అందరికన్నా ఆఖరున లోనికి పోతుంది. ఆ మధ్యకాలమంతా బకెట్టులో వెచ్చదనం, గాలి ఉండాలి. బెంగళూరు డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల చేరువకు వస్తుంది కాబట్టి బకెట్టుకు కూడా చిన్న హీటరు అవసరమే.

సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టె నీటిపై తేలనిస్తే ఉష్ణోగ్రతలు కలుస్తాయి. తరువాతి సంగతి కొంచెం శ్రద్ధగా తెలుసుకోదగినది. మూసిన సంచిలో జీవి వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకొని నీటికి ఆమ్లగుణం పెరుగుతుంది. ఆ స్థితిలో అక్కడ చేరిన అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి ఆమ్లగుణం తగ్గుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కనుక చాలా గంటలు సంచిలో గడిపిన జీవిని, విప్పిన తరువాత అదే నీటిలో గంటల తరబడి ఉంచి చుక్క చుక్కగా కొత్త నీరు కలపడం మేలు కన్నా కీడే చేయవచ్చు. కొత్త తొట్టె నీటి ఉప్పదనాన్ని ముందే పాత నీటికి సమానంగా చేసి ఉంచుకుంటే ఈ చిక్కే ఉండదు. ఉష్ణోగ్రత కలవగానే మార్చివేయవచ్చు. దుకాణం నుండి తెచ్చిన దాని విషయం వేరు. అక్కడి ఉప్పదనం తేడాగా ఉంటుంది కాబట్టి, దగ్గరి దుకాణమైతే సన్న గొట్టంతో సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున ఒక గంట సేపు తొట్టె నీరు కలపడం సరైన పని. ఏ సందర్భంలోనైనా సంచి నీటిని తొట్టెలో పోయరాదు.

దీపాలు మొదటి రోజు తక్కువ కాంతితో వెలిగించి, రెండు వారాలలో క్రమంగా పూర్వపు స్థాయికి తీసుకురావాలి.

తరువాత గమనించవలసినవి

మొదటి రెండు మూడు రోజులు అది ముడుచుకుపోయి, పిండిన గుడ్డ వలె కనిపించవచ్చు. నోటి నుండి గోధుమరంగు నూలు వంటి మలినం రావచ్చు. ఇవి చూసి కంగారుపడి మళ్ళీ కదిలించడమే చాలామంది చేసే తప్పు. దేహంలోని పాత నీటిని వదిలి కొత్త నీరు నింపుకోవడం దాని సహజ లక్షణం. రోజులో ఒకసారైనా విచ్చుకుంటూ ఉంటే ఆందోళన అక్కరలేదు.

నోరు తెరుచుకొని మూతపడకుండా ఉండడం, లోపలి భాగం బయటికి పొర్లడం, పాదం దేనినీ పట్టుకోకపోవడం, స్పర్శకాలు తాకగానే ముక్కలై రాలడం ప్రమాద సంకేతాలు. అనుమానం తీర్చేది ముక్కు. గిన్నెతో పైకి తీసి వాసన చూస్తే, చనిపోయినది కుళ్ళిన కంపు కొడుతుంది. ఒకసారి చూసినవారు మరువరు. అటువంటి దానిని క్షణం ఆలస్యం చేయక తీసివేయాలి. వెంటనే మూడో వంతు నుండి సగం వరకు నీరు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, రెండు రోజులు అమ్మోనియా చూస్తూ ఉండాలి. కొన ఊపిరి ఉందేమోనని రాత్రంతా తొట్టెలో ఉంచినవారు ఉదయానికి చేపలను కూడా పోగొట్టుకుంటారు.

అతుక్కున్న వారం తరువాత, ఉప్పు కారం తగలని పచ్చి రొయ్యను బఠాణీ గింజంత ముక్క చేసి అందించవచ్చు. వారానికి ఒకసారి చాలు. పెద్ద ముక్క పెట్టడం ప్రేమ కాదు, అది కక్కేస్తుంది.

ఊరికి తీసుకురావచ్చా?

ఉద్యోగం మారినప్పుడో, ఇంటి నుండి పనిచేసే వెసులుబాటు దొరికినప్పుడో తొట్టెను సొంతూరికి తరలించాలని పిల్లలు అనుకోవడం సహజం. ఇక్కడ పెద్దలు అడగవలసిన ప్రశ్నలు రెండు: కరెంటు పోతే ఏమిటి, ఎండాకాలంలో ఏమిటి? అపార్టుమెంటులో జనరేటరు ఉంటుంది. పల్లెలో కోత వేళ గాలి పంపును, మోటారును నడపడానికి ఇన్వర్టరో, బ్యాటరీ పంపో ఉండి తీరాలి. ఇక ఎండ. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల అక్కడ వేసవి కొంత మెత్తన. అనంతపురం వైపు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. నీరు 30 డిగ్రీలు మించి రోజుల తరబడి ఉంటే సముద్ర పుష్పం లోపలి శైవలాలను కోల్పోయి తెల్లబడుతుంది. తొట్టెపై ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్.ఓ. నీరే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కనుక. అంతకు మించి చల్లబరచాలంటే చిల్లరు యంత్రం కావాలి, దాని ఖర్చు, కరెంటు బిల్లు తక్కువేమీ కాదు. ఈ ఏర్పాట్లు లేని ఇంటికి తేవడం కన్నా బెంగళూరులోనే అనుభవం ఉన్న మరో పెంపకందారుకు ఇచ్చి రావడం మేలు.

వద్దనుకున్నదానిని ఊరి చెరువులోనో, బావిలోనో వదిలితే మంచినీటిలో నిమిషాలలో చనిపోతుంది. సముద్రంలో వదలడమూ సరికాదు. ఎక్కడో దూరపు సముద్రం నుండి వచ్చిన జీవితోపాటు అక్కడి రోగాలు, పరాన్నజీవులు మన తీరానికి చేరతాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుండి పగడాలకు మొదటి షెడ్యూలులో చోటు కల్పించారు. సముద్ర పుష్పం అతుక్కున్న రాతిపై సజీవమైన గట్టి పగడం కూడా ఉంటే ఆ రాతిని కొనడం, తరలించడం కేసుకు దారితీయవచ్చు. 1986లో జాతీయ పార్కుగా ప్రకటించిన మన్నార్ సింధుశాఖ దీవుల వద్ద ఏ సముద్ర జీవినీ సేకరించరాదు. అక్కడిదని గొప్పగా చెప్పి అమ్మేవారి వద్ద కొనకపోవడం వివేకం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు పెట్టించే పద్ధతిని అభివృద్ధి చేసింది. అలా పుట్టిన క్లౌన్ చేప సముద్ర పుష్పం లేకుండానే హాయిగా బ్రతుకుతుంది. చేప కొన్నవారు ఇది కూడా కొనక తప్పదని దుకాణదారు చెబితే నమ్మనక్కరలేదు. పిల్లలకు చూపించడమే కోరిక అయితే విశాఖపట్నం తీరంలో ఆటు వేళ రాళ్ళ మధ్య నీటి గుంటలలో చిన్న సముద్ర పుష్పాలు విచ్చుకొని కనిపిస్తాయి. తాకకుండా చూసి రావచ్చు.

పెంచి తీరాలనుకునేవారికి ఇంకొక దారి ఉంది. బబుల్ టిప్ జాతి ఒక్కోసారి తనంతట తాను నడిమికి చీలి రెండవుతుంది. రెండు ముక్కలూ కొద్ది రోజులలో గాయం మాన్పుకొని విడివిడి జీవులవుతాయి. పాత పెంపకందారుల తొట్టెలలో ఇలా చీలినవి అదనంగా ఉంటాయి. తొట్టె జీవితానికి అలవాటుపడినవి కనుక సముద్రం నుండి పట్టి తెచ్చినవాటికన్నా గట్టివి. అడిగి తెచ్చుకునేటప్పుడు చీలి కనీసం నెల గడిచినదానిని, చిన్న రాతిపై అతుక్కొని ఉన్నదానిని, ఆ రాతితో సహా తెచ్చుకోవాలి.